దుడ్లిచ్చి కొన్న ఉత్తరాల పెట్టె



ఈ వారం వాక్యధ్యానం రాయడం లేదు. ఒక కంప్యూటర్ ప్రోగ్రాం మీద నాకున్న బాధ రాస్తున్నాను. పాస్టరుగారికి ఇదేం పని అని ఎవరైనా అనుకుంటే, మొదట జరిగిన సంగతి వినండి.

పోయిన శుక్రవారం ఉపవాస ప్రార్థన అయ్యాక అందరూ వెళ్లిపోయారు. మన సంఘంలోని ఒక పెద్దమ్మ మాత్రం గుమ్మం దగ్గరే కూర్చుంది. (ఆమెను అడిగి, పేరు చెప్పనని మాట ఇచ్చి రాస్తున్నాను.) ఆమె పెద్దకొడుకు కువైట్‌లో డ్రైవరు. వారానికొకసారి ఫోన్ చేసేవాడు. ఫోన్‌లో కొడుకు గొంతు వింటే ఆమెకు ఏడుపు ముంచుకొస్తుంది, సంగతి సగమే చెవికెక్కుతుంది. అందుకని ముఖ్యమైన మాట ఏదైనా ఉంటే ఆ అబ్బాయి తెలుగులో టైపు చేసి నా ఈమెయిలుకు పంపేవాడు. నేను ఆమెను కూర్చోబెట్టి చదివి వినిపించేవాణ్ణి. 2023లో అతను అక్కడే చనిపోయాడు. ఇక్కడికి వచ్చింది పెట్టె మాత్రమే.

"అయ్యగారూ, మావోడు వానల యాళకు రాసిండే కాయితం ఉంది కదా, చింతమాను సంగతి. అది ఇంగొకసారి సదివి, కాయితం మీద అచ్చేసి ఇయ్యి సామీ. సిన్నోడికి చూపించల్ల" అంది.

సంగతేమంటే, చేని గట్టున వాళ్లకొక పెద్ద చింతమాను ఉంది. ఇటుకబట్టీల వాళ్లు దానికి బేరం పెట్టారు. చిన్నకొడుకు అప్పుల్లో ఉన్నాడు, కొట్టించేద్దామంటున్నాడు. ఆ మాను ఉండనీ అని అన్న రాశాడని తల్లి అంటే, అట్లా ఎప్పుడు రాశాడు, నువ్వే అనుకుంటున్నావు అని కొట్టిపారేశాడట. ఆమె దగ్గర రుజువు లేదు. ఉన్నదల్లా నా ల్యాప్‌టాప్‌లో ఉంది.

నేను ధైర్యంగా ల్యాప్‌టాప్ తెరిచి, వెతికే గడిలో "చింతమాను" అని కొట్టాను. ఒక్కటీ దొరకలేదు. "చింత" అని కొట్టాను. మూడు వచ్చాయి. మూడూ చింతపడడం గురించి నేను చేసిన ప్రసంగాలే! ఆ పెద్దమ్మ నా ముఖం వంక చూస్తూ కూర్చుంది. ఇంతలో కరెంటు పోయింది. బ్యాటరీ పావుగంట వచ్చింది. "రేపు వెతికి పెడతానమ్మా" అని పంపించాను.

ఆ పెట్టె నాకు ఎవరో ఊరికే ఇచ్చింది కాదు, దుడ్లిచ్చి కొన్నది. కంపెనీ పేరు ఇక్కడ రాయను. వాళ్లు వచ్చి జవాబు చెప్పుకోగల చోటు కాదు ఇది.

మీలో చాలామంది నన్ను అడిగారు: "జీమెయిల్ ఊరికే వస్తుంటే దుడ్లు పెట్టి ప్రోగ్రాం కొనడమేంది అయ్యగారూ?" న్యాయమైన ప్రశ్నే. 2013లో తనకల్లులో నెట్ ఎట్లా ఉండేదో ఇప్పటి పిల్లలకు చెప్పినా నమ్మరు. డేటాకార్డు లాప్‌టాప్‌కు గుచ్చుకుని మిద్దె ఎక్కి, కదిరి వైపు తిరిగి కూర్చుంటే నాలుగు గీతల్లో ఒక గీత వచ్చేది. జీమెయిల్ పేజీ తెరుచుకునేలోపు ఆ ఒక్క గీతా పోయేది. కంప్యూటర్‌లోనే ఉండే ఈమెయిల్ ప్రోగ్రాం అయితే వేరు. లైను దొరికిన పది నిమిషాల్లో ఉత్తరాలన్నీ దించుకుంటుంది. లైను పోయినా, వాన కురిసినా చదువుకోవచ్చు, జవాబు రాసి పెట్టుకోవచ్చు. మళ్లీ లైను వచ్చినప్పుడు అదే పంపుతుంది. మన పాత పోస్టుడబ్బా లాంటిదే. నెలనెలా నూటముప్పై నలభై మందికి సంఘ ఉత్తరం పంపే నాకు అది దేవుడిచ్చిన సౌకర్యంలా అనిపించింది. మూడు వేలు పెట్టి కొన్నాను. అది అప్పుడు నాకు చిన్న మొత్తం కాదు. మా ఇంట్లో అమ్మగారు ఆ నెల మాట్లాడిన మాటలు నాకింకా గుర్తే.

కదిరిలో ఒక కంప్యూటర్ షాపతను అదే ప్రోగ్రాం వంద రూపాయలకు ఎక్కిస్తానన్నాడు. తాళం పగలగొట్టిన కాపీ. వద్దన్నాను. పుణ్యం కోసమని చెప్పుకోను. దొంగసరుకు కొన్నవాడికి దుకాణం ముందు నిలబడి నిలదీసే నోరు ఉండదు. నేను నిలదీయాలనుకున్నాను. కాబట్టే ఇప్పుడు నిలదీస్తున్నాను.

మొదటి నాలుగైదేళ్లు ఏ బాధా లేదు, అబద్ధమెందుకు చెప్పాలి. తెలుగు ఉత్తరాలు పెరిగాకే తిప్పలు మొదలయ్యాయి. ఒత్తులు పక్కకు జారేవి. అక్షరం ఉండాల్సిన చోట చుక్కల సున్నా వచ్చేది. ఉత్తరం పైనుండే విషయం గీతలో తెలుగు బదులు సమాన గుర్తులు, ప్రశ్నార్థకాలు బారులు తీరేవి. అందులో కొంత తప్పు ప్రోగ్రాంది కాదు, అది కూడా చెప్పాలి. మనం కరపత్రాలు వేయించే డీటీపీ షాపుల్లో పాత ఫాంట్లు వాడతారు. అవి ఇంగ్లీషు అక్షరాల గూళ్లలో తెలుగు బొమ్మలు కూర్చోబెట్టిన ఫాంట్లు. ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో ఆ మేటరు తెరిస్తే తెలుగు ఎగిరిపోయి కింద ఉన్న పిచ్చి ఇంగ్లీషు బయటపడుతుంది. యూనికోడ్ అట్లా కాదు. 1991లో వచ్చిన దాని మొదటి ప్రతిలోనే తెలుగుకు సొంత గూళ్లు ఇచ్చారు. 2001లో విండోస్ ఎక్స్‌పీతో గౌతమి ఫాంటు వచ్చింది. అంటే నేను ఈ ప్రోగ్రాం కొనేనాటికి తెలుగు కంప్యూటర్‌కు కొత్త చుట్టం కాదు. పన్నెండేళ్ల చుట్టం. అప్పటికీ అరుగు మీదే కూర్చోబెట్టారు.

2018 ఫిబ్రవరిలో జరిగింది మీకు గుర్తుండే ఉంటుంది. ఐఫోన్‌లో ఒక్క తెలుగు అక్షరం వస్తే చాలు, ఆ మెసేజి తెరిచిన యాప్ కూలిపోయేది. ఆ అక్షరం "జ్ఞా", మధ్యలో కంటికి కనబడని ఒక గుర్తుతో కలిసి వచ్చినప్పుడు. ప్రపంచంలోని పేపర్లన్నీ రాశాయి. సామెతల గ్రంథం మీద ప్రసంగం చేసేవాడికి జ్ఞానం అనే మాట లేకుండా రెండు నిమిషాలు గడవదు కదా! ఎవరి ఫోన్ కూలగొడతానోనని ఆ వారం నేను నవ్వుకుంటూ భయపడ్డాను. నేను చెప్పదలిచింది వేరు. ఆపిల్ వాళ్లు రోజుల్లోనే, ఫిబ్రవరి 19న, 11.2.6 అనే మార్పు విడుదల చేసి దాన్ని సరిచేశారు. లోకమంతా అడిగింది కాబట్టి సరిచేశారు. తెలుగు వెతుకులాట పనిచేయడం లేదని నేను మా కంపెనీకి మొదటిసారి రాసింది కూడా ఆ ఏడాదే. "మీ సూచన నమోదు చేసుకున్నాం" అని జవాబు వచ్చింది. ఆ నమోదు పుస్తకం ఎంత లావుందో మరి.

పెద్దమ్మ వెళ్లిన రాత్రి బెంగళూరులో సాఫ్ట్‌వేర్ పని చేసే మన సంఘపు తమ్ముడికి ఫోన్ చేశాను. చింతమాను ఎందుకు దొరకలేదో అతను ఓపిగ్గా విడమరిచాడు. నాకర్థమైనంత చెబుతాను, మీ ఇళ్లలోనూ పనికొస్తుంది.

ఇంగ్లీషు అక్షరం ఒక్కటి దాచడానికి ఒక బైటు చాలు. తెలుగుకు, ఇప్పుడు అంతటా వాడే యూటీఎఫ్-8 పద్ధతిలో, ఒక్కో గుర్తుకు మూడు బైట్లు. "మ్మ" అంటే మనకు ఒకే అక్షరం, దానికి మూడు గుర్తులు. ఈమెయిల్ పుట్టింది ఇంగ్లీషు అక్షరాల కోసం. వేరే భాష వెళ్లాలంటే దాన్ని ఇంగ్లీషు అక్షరాలూ అంకెలూ కలిపిన మూటగా కట్టి పంపుతారు. అవతల మూట విప్పి చూపిస్తారు. బొమ్మలు, పాటలు కూడా ఇట్లాగే మూటకట్టి వెళ్తాయి, అప్పుడు బరువు మూడో వంతు పెరుగుతుంది. మన యూత్ పిల్లలు 20 ఎంబీ పాట పంపబోతే, హద్దు 25 ఎంబీ అని రాసుంది కదా ఎందుకు పోవడం లేదు అని నన్నడిగింది ఇందుకే. మూట కట్టాక అది 26 దాటుతుంది.

నా ప్రోగ్రాం ఉత్తరం చూపించేటప్పుడు మూట విప్పుతుంది. వెతికేటప్పుడు మాత్రం విప్పదు! మూటపైన చేయి వేసి తడిమి, ఇందులో చింతపండు లేదు అంటుంది. ఇంగ్లీషు ఉత్తరాలు మూటకట్టకుండా వస్తాయి కాబట్టి అవి చటుక్కున దొరుకుతాయి. అమ్మేవాళ్లు పరీక్షించింది ఇంగ్లీషులోనే, వాళ్లకు అంతా బాగానే కనబడింది.

ఇంకొక చిక్కు కూడా చెప్పాడు. ఐఫోన్‌ను కూలగొట్టిన ఆ కనబడని గుర్తు ఉంది చూశారూ, అది మన రోజువారీ రాతలో ఎప్పుడూ ఉంటుంది. "కువైట్‌లో" అని ట కింద లో ఒత్తు కాకుండా విడిగా కనబడాలంటే మధ్యలో ఆ గుర్తు వేయాలి. కొన్ని కీబోర్డులు దానంతట అవే వేస్తాయి, కొన్ని వేయవు. అప్పుడు "కువైట్లో" అవుతుంది. మనకు రెండూ ఒకటే మాట. దానికి రెండు వేరు మాటలు. తెలుగు తెలిసినవాడు ఒక పూట కూర్చుంటే ఆ గుర్తును లెక్కలోకి తీసుకోకుండా వెతకమని చెప్పొచ్చట. ఒక పూట! ఏడేళ్లుగా ఆ పూట రాలేదు.

ఇంతకన్నా నన్ను ఎక్కువ కుంగదీసింది 2022. నేను కొన్నప్పుడు "జీవితకాల లైసెన్సు" అన్నారు. ఎవరి జీవితకాలం అని అడగాలని అప్పుడు తోచలేదు. ఆ ఏడాది మే 30 నుంచి గూగుల్ వాళ్లు పాత పద్ధతిలో పేరు, పాస్‌వర్డ్ మాత్రమే ఇచ్చి లోపలికి వచ్చే ప్రోగ్రాములను ఆపేశారు. దొంగల బెడద ఎక్కువైంది, వాళ్ల కారణం వాళ్లకుంది, దాన్ని నేను తప్పుపట్టను. నా ప్రోగ్రాం మాత్రం ఒక్కసారిగా మూగబోయింది. కొత్త పద్ధతి కొత్త వెర్షన్‌లోనే ఉందన్నారు. కొత్త వెర్షన్ అమ్మరు, ఏడాదికింత అని అద్దెకిస్తారు. అద్దె డాలర్లలో. జీవితకాలం అంటే ఆ వెర్షన్ జీవితకాలం అని చిన్న అక్షరాల్లో రాసే ఉందట.

సరే, కడదామనుకున్నాను. కట్టడం కూడా ఒక శోధనే అయింది. 2020 మార్చి నుంచి కొత్తగా ఇచ్చే కార్డుల్లో విదేశీ చెల్లింపులు మనం అడిగి తెరిపించుకుంటేనే తెరుచుకుంటాయి. నా కార్డులో మూసే ఉంది. తెరిపించాను. మళ్లీ పోలేదు. 2021 అక్టోబరు 1 నుంచి కార్డులోంచి ఏటేటా దానంతట అదే కోసుకునే చెల్లింపులకు రిజర్వు బ్యాంకు కట్టుదిట్టం పెట్టింది. మనం ముందుగా ఒప్పుకుని నమోదు చేసుకోవాలి. కోసే 24 గంటల ముందు మనకు కబురు రావాలి. ఆ ఏర్పాటు చేసుకోని విదేశీ వ్యాపారులకు మన కార్డులు పనిచేయవు. ఈ నియమం మంచిదే అంటాను నేను. మన సంఘంలోనే ఒక ఆన్‌లైన్ చదువుల యాప్ ఏడాదికొకసారి తెలియకుండా దుడ్లు లాగేసుకున్న ఇల్లుంది. కంపెనీకి రాస్తే మాత్రం "మీ బ్యాంకును సంప్రదించండి" అన్నారు. బ్యాంకుకెళ్తే "కంపెనీని అడగండి సార్" అన్నారు. ఆ నెల మొత్తం సంఘ ఉత్తరం పోలేదు. చివరికి బెంగళూరు తమ్ముడు తన కార్డుతో కట్టాడు. ఇప్పటికీ ఆ అద్దె అతని పేరు మీదే నడుస్తోంది, ఏటా నేను అతనికి పంపిస్తాను.

"అన్ని తిప్పలు ఎందుకు, వదిలేసి వేరేది పెట్టుకోండి" అని మీరంటారు. తమ్ముడూ అదే అన్నాడు. థండర్‌బర్డ్ అని ఉంది, విరాళాల మీద నడుస్తుంది, ఊరికే వస్తుంది, తెలుగు బాగానే చూపిస్తుంది. పెట్టి చూశాను, బాగుంది. మరి నా పన్నెండేళ్ల ఉత్తరాలు? అవి ఈ ప్రోగ్రాం తన సొంత కట్టులో దాచుకుంది, వేరే ఏదీ దాన్ని చదవలేదు. బయటికి తీసుకోవడానికి దారి ఉంది. ఒక్కొక్క ఉత్తరం తెరిచి, ఒక్కొక్కటిగా విడిగా దాచుకోవాలి. నా దగ్గర పదకొండు వేల పైచిలుకు ఉత్తరాలున్నాయి. మూడు వేలు పెట్టి పెట్టె కొన్నాను, తాళంచెవి వాళ్ల దగ్గరే ఉంది.

ఇక్కడ మీకు యూడోరా కథ చెప్పాలి. ఈమెయిల్ కొత్తగా వచ్చిన రోజుల్లో లోకమంతా వాడిన ప్రోగ్రాం అది. 1988లో అమెరికాలో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో స్టీవ్ డార్నర్ అనే ఆయన రాశారు. ఆ పేరు ఎట్లా వచ్చిందంటే, యూడోరా వెల్టీ అనే రచయిత్రి ఒక చిన్న ఊరి పోస్టాఫీసులోనే కాపురం పెట్టిన మనిషి గురించి కథ రాసింది. పొద్దస్తమానం ఉత్తరాలతోనే బతుకుతున్న డార్నర్‌కు ఆ కథ గుర్తొచ్చి ఆమె పేరే పెట్టారు. తర్వాత దాన్ని క్వాల్‌కామ్ కంపెనీ తీసుకుని, ఊరికే ఇచ్చేదొకటి, దుడ్లకిచ్చేదొకటి చేసింది. దుడ్లిచ్చి కొన్నవాళ్లు దాన్ని ఎంత ప్రేమించారో అంత అడిగారు. వాళ్లు ముఖ్యంగా అడిగినవాటిలో ఒకటి యూనికోడ్. ఇంగ్లీషు కాని భాషల ఉత్తరాలు సరిగా కనబడేలా చేయండి అని. అది రాలేదు. 2006లో ఆ పాత యూడోరాను ఇక పెంచడం లేదని, థండర్‌బర్డ్ పునాది మీద కొత్తది కడతామని ప్రకటించారు. 2010లో వచ్చిన ఆ కొత్తది పాత యూడోరా కాదు, పేరొక్కటే మిగిలింది. చాలామంది దాన్ని ముట్టనేలేదు.

అయినా యూడోరా వాడినవాళ్ల ఉత్తరాలు మునిగిపోలేదు. ఎందుకంటే అది ఉత్తరాలను దాచింది మామూలు అక్షరాల ఫైళ్లలో, అందరికీ తెలిసిన ఎంబాక్స్ అనే పద్ధతికి దగ్గరగా. ప్రోగ్రాం చచ్చినా ఉత్తరాలు వేరే ప్రోగ్రాంలోకి నడిచి వెళ్లగలిగాయి. 2018లో కాలిఫోర్నియాలోని కంప్యూటర్ హిస్టరీ మ్యూజియం దాని అసలు రాతనే అందరికీ తెరిచి పెట్టింది. యూడోరా గురించి చదివినప్పుడు నాకు అసూయ కలిగింది. వాళ్ల ప్రోగ్రాం పోయింది, ఉత్తరాలు మిగిలాయి. నాది బతికే ఉంది, ఉత్తరాలు దాని కడుపులో ఉన్నాయి.

పౌలు చెరసాలలో ఉండి తిమోతికి కబురు పెట్టినప్పుడు అంగీతో పాటు పుస్తకాలు, ముఖ్యంగా చర్మపు కాగితాలు తెమ్మన్నాడు. చలికాలం దగ్గర పడుతున్న మనిషి అడిగిన సరుకుల పట్టీలో రాతలకు ముఖ్యంగా అన్న మాట చేరింది. ఆయన వాటిని త్రోయలో కర్పు అనే సహోదరుడి ఇంట్లో పెట్టి వచ్చాడు. కావాలన్నప్పుడు తెప్పించుకోగల చోట పెట్టాడు.

శనివారం పొద్దున్నే పెద్దమ్మ మళ్లీ వచ్చింది. నేను రాత్రంతా వెతికి ఓడిపోయిన సంగతి చెప్పాను. ఆమె కొంచెంసేపు ఆలోచించి, "కదిరిలో మిద్దె కూలిండే వాన అయ్యగారూ. మా చెనిక్కాయ చెట్లు పీకి చేన్లో కుప్పేసింటిమి, అంతా మొలకలొచ్చె. అది విని వాడు రాసినాడు" అంది.

2021 నవంబరు. కదిరిలో వానకు మిద్దె కూలి మనుషులు చనిపోయిన వారం. మనమంతా ప్రార్థించాం, మరిచిపోతామా! ఆ నెల ఉత్తరాలు తేదీల వరుసలో పెట్టి ఒక్కొక్కటీ తెరిచాను. అరగంటలో దొరికింది. ఉత్తరం పైన విషయం గీతలో ఏమీ లేదు, ఖాళీ. లోపల పద్దెనిమిది వరుసలు. చెనిక్కాయ పోతే పోయిందిలే అమ్మా అని ఓదార్పు, చెల్లెలి కాన్పుకు పంపిన దుడ్ల లెక్క, చివర మాను సంగతి. కంప్యూటర్ ఇవ్వలేని ఆనవాలు చదువురాని ఆ తల్లి ఇచ్చింది. నేను చదువుతుంటే ఆమె ఏడవలేదు. తల ఊపుతూ, తనకు ముందే తెలిసిన మాటలకు పెదవులు కదుపుతూ వింది. వాట్సాప్‌లో వచ్చినవి నా పాత ఫోన్‌తో పాటే పోయాయి. ఈమెయిల్ కాబట్టి ఇదైనా మిగిలింది.

ఇప్పుడు ఆ కంపెనీ వాళ్లు రాబోయే పెద్ద వెర్షన్ గురించి ఊరిస్తూ ఒక ఉత్తరం పంపారు. రంగులు మారతాయట. మనం రెండు ముక్కలు చెబితే కృత్రిమ మేధ జవాబు తానే రాసిపెడుతుందట. నా ఉత్తరాలు నేను రాసుకోగలను, ఆ మాత్రం వరం దేవుడిచ్చాడు. మన కదిరి పరిశోధన స్థానం వాళ్లు కొత్త చెనిక్కాయ రకం తెచ్చినప్పుడు రైతు ఏమడుగుతాడు? గింజ రంగు అడగడు. వాన నలభై రోజులు మొహం చాటేస్తే ఊడ నిలుస్తుందా, కాయ పట్టుతుందా అని అడుగుతాడు. స్వాతంత్య్రానికి ముందు తిండివనంలో పుట్టిన టీఎంవీ-2 ను మన పెద్దలు దశాబ్దాలపాటు వదల్లేదు. కొత్తవి చాలా వచ్చాయి, నమ్మలేదు. కదిరి-6 వచ్చి చేలో నిలబడి చూపించాక మారారు. కొత్తది అంటే భయపడే మనుషులం కాదు మనం. మన చేనుకు పనికొస్తుందా అని చూసుకునే మనుషులం.

ఆదివారం ఆరాధన అయ్యాక కంపెనీకి మళ్లీ రాశాను. తమ్ముడు ఇంగ్లీషు సరిచేశాడు. మూట విప్పి వెతకండి, కనబడని ఆ గుర్తును పక్కన పెట్టి వెతకండి అన్నాను. నా ఉత్తరాలన్నీ ఒక్క నొక్కుతో ఎంబాక్స్‌గా బయటికి తీసుకునే దారి పెట్టండి, అద్దె కట్టడం మానేసినవాడికి కూడా ఆ తలుపు తెరిచే ఉంచండి అన్నాను. అది ఇస్తే నేను పారిపోతానని మీ భయం కావచ్చు, తలుపు తెరిచి ఉన్న ఇంట్లోనే మనిషి నిశ్చింతగా ఉంటాడు అని కూడా రాశాను. అద్దె రూపాయల్లో, యూపీఐలో కట్టే వీలు అడిగాను. మధ్యలో లైను తెగితే మొదటికి పోకుండా ఆగిన చోటు నుంచి దించుకొమ్మని అడిగాను. ఇప్పుడు తనకల్లులో ఫోన్లకు లైను బాగానే ఉంది కానీ, పక్క పల్లెలకు పోతే ఇంకా మిద్దె ఎక్కాల్సిందే. ఇవేవీ గొప్ప కోరికలు కావు. రంగులకు పెట్టిన ఖర్చులో పదో వంతు పట్టవని తమ్ముడి అంచనా. అతనికి కొంచెం కోపం కలిసి ఉండొచ్చు, ఆ మాట ఉత్తరంలో రాయలేదు.

నా తప్పు కూడా ఒకటుంది. పన్నెండేళ్లలో ఒక్కసారైనా ఈ ఉత్తరాలకు వేరే చోట నకలు తీసి పెట్టలేదు. ఆ హార్డ్‌డిస్కు ఏ వేసవిలో పోయినా కంపెనీని తిట్టుకోవడానికి కూడా నాకు హక్కు ఉండేది కాదు. ఇప్పుడు రోజూ రాత్రి పదేసి ఉత్తరాలు తీస్తున్నాను. ముందుగా, ఇక మళ్లీ రాయలేనివాళ్లవి. నిన్నటికి డెబ్బై నాలుగు అయ్యాయి. మీలో ఎవరి ఇంటివాళ్లవైనా నా దగ్గరికి వచ్చి ఉంటే, నెలా సంవత్సరమో, ఆ రోజుల్లో కురిసిన వానో, ఎండిన పంటో, జరిగిన పెళ్లో చెప్పండి. మాటలతో వెతకలేను, కాలంతో వెతకగలను.

పెద్దమ్మకు ఉత్తరం రెండు కాపీలు అచ్చు వేసి ఇచ్చాను. ఒకటి చిన్నకొడుక్కి, ఒకటి ఆమె బైబిలులో పెట్టుకోవడానికి. ఆమె చదవలేదు, ఆ బైబిలు కొడుకుదే. చింతమాను సంగతి ఇంకా తేలలేదు. ఇటుకబట్టీ వాళ్లు బుధవారం మళ్లీ వస్తామన్నారట.